చెంగమ్మ రాసిన సాపు ప్రతి

1959 జూన్ 14, ఆదివారం

నిన్న చిత్తూరు ప్రెస్సాయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. హైస్కూలు పిల్లల కోసం 'మన శరీరంలో గ్రంథులు' అని ఒక పుస్తకం తేలిక తెలుగులో రాసివ్వాలట. డిసెంబరు ఆఖరుకల్లా ప్రతి చేతికందాలట. తిరుత్తణిలో ఇరవై ఏళ్ళుగా సైన్సు చెబుతున్న జయరామను కాదని ఇంకెవరిని అడుగుతాడు?

ఈ డైరీ కూడా ఇవాళే మొదలుపెట్టాను. శరీరం గురించి రాసేవాడు ముందు తన శరీరాన్ని గమనించుకోవాలి. పొద్దున లేవగానే నాడి చూసుకున్నాను. 82.

పని పద్ధతి కూడా నిర్ణయించాను. నేను చిత్తు రాస్తాను, చెంగమ్మ సాపు రాస్తుంది. నా రాత కోడి గెలికినట్టు ఉంటుందని కంపోజిటర్లు ఇదివరకే మొత్తుకున్నారు. మా మామగారు పొదటూరుపేటలో వీధిబడి అయ్యవారు. కూతురికి ఇంకేమిచ్చినా ఇవ్వకపోయినా ముత్యాల్లాంటి అక్షరాలు ఇచ్చి పంపాడు. సాపు అయిన ప్రతి పేజీనీ నేను చదివి, అడుగున 'సరిచూశాను – జ.' అని రాసి తారీకు వేస్తాను. ఆ సంతకం లేని కాగితం మా గడప దాటదు.

జూన్ 18

మొదటి అధ్యాయం మొదలైంది. నోట్లో ఉమ్మి ఊరే గ్రంథికి గొట్టం ఉంది. చెమట గ్రంథికీ ఉంది. నా పుస్తకంలోని గ్రంథులకు గొట్టాలు లేవు. తాము తయారుచేసిన రసాన్ని తిన్నగా నెత్తురులోకి వదులుతాయి, నెత్తురు దాన్ని ఒళ్ళంతా తిప్పుతుంది. ఆ రసమే హార్మోను. ఎదుగుదల, ఆకలి, కోపం, నిద్ర, ఒంటి వేడి, అన్నీ దాని చేతిలో ఉన్నాయి. కొలవబోతే ఆవగింజంత కూడా ఉండదు.

మెదడు కింద శనగగింజంత పిట్యూటరీ కూర్చుని మిగతా గ్రంథులకు ఉత్తరువులు పంపుతుంది. మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. అందుకే ఇల్లు సవ్యంగా నడుస్తోంది.

జూన్ 23

సాపు ఆలస్యమవుతోంది. పోయినేడు ఆరోగ్యం మీద నేను చిన్న పుస్తకం వేసినప్పుడు చెంగమ్మ రోజుకు ఎనిమిది పేజీలు రాసేది. ఇప్పుడు మూడు. అడిగాను.

"చెయ్యి సాగలేదండీ. బరువుగా ఉండాది," అంది.

అదీ బొంగురు గొంతుతో. నిన్న పోస్టుమాన్ వాకిట్లోంచి ఆ గొంతు విని, "ఎవురు సార్ లోపల, మీ మామగారు వచ్చినారా?" అని అడిగాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పడీపడీ నవ్వాను.

జూన్ 24

నాడి 86. నాకు కోపం ఎక్కువవుతోంది. ఎడ్రినల్ గ్రంథుల మీద ఓ కన్నేసి ఉంచాలి.

జూలై 3

ఎండ ఇంకా తగ్గలేదు. మధ్యాహ్నం నేను తడి తుండు ఒంటి మీద పరుచుకుని విసనకర్ర ఊపుకుంటుంటే, చెంగమ్మ మూలగదిలో కంబళి కప్పుకుని పడుకుంది. చలేస్తోందట! ఆంధ్రదేశం మొత్తం మీద ఇవాళ చలేసిన మనిషి ఈమె ఒక్కతే అయ్యుండాలి.

"పని ఎగ్గొట్టేదానికి ఇదొక వేషం నాయనా," అంది తులసమ్మక్క. అక్క నాకంటే పదేళ్ళు పెద్ద. బావ పోయినప్పటినుంచి మా దగ్గరే ఉంటోంది. చెంగమ్మను ఆమె కనిపెట్టుకుని ఉన్నంతగా ఎవరూ ఉండరు, తప్పులెన్నే విషయంలో. నేను విసనకర్ర ఊపుకుంటూనే ఉన్నాను. వదినా మరదళ్ళ మధ్యలోకి శాస్త్రం దూరకూడదు.

జూలై 12

సాంబారులో వెంట్రుక. రెండోసారి.

జూలై 15

సాంబారులో వెంట్రుక. దువ్వెన నిండా వెంట్రుకలు. తలగడ మీద వెంట్రుకలు. అక్క విచారణ జరిపి తీర్పు చెప్పేసింది. మా పెళ్ళయిన ఏడాది మా అమ్మ కొండమీది స్వామికి కోడలి తలనీలాలు మొక్కుకుందట. పదిహేడేళ్ళయినా తీర్చలేదట.

"స్వామి తానే రాల్చుకుంటా ఉండాడు. మనంగా ఇస్తే మర్యాద," అంది అక్క.

శాస్త్రం చదువుకున్నవాడిగా ఇది నేను ఒప్పుకోకూడదు. భోజనం చేసే మనిషిగా ఒప్పుకున్నాను.

జూలై 30

నిన్న ఆడి కృత్తిక, కొండమీది స్వామి పండుగ. కొండంతా కావడులే. మూడువందల అరవై అయిదు మెట్లు. నేను ఏకబిగిన ఎక్కి పైన నాడి చూసుకున్నాను, 118. వెనక్కి చూస్తే చెంగమ్మ లేదు. సగం మెట్ల దగ్గర కూర్చుండిపోయింది. పక్కనుంచి డెబ్భై ఏళ్ళ ముసలమ్మలు కావడి భుజాన వేసుకుని ఎక్కిపోతున్నారు. చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని నాకు ప్రాణం చచ్చిపోయింది.

తల తీయించాం. మంగలి, "ఏమ్మా, కొంజెంగానే మిగిల్చినావే స్వామికి," అని నవ్వాడు. చెంగమ్మ గుండు మీద చందనం పూసుకుని, కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుంది. భక్తి అనుకున్నాను. తీరా చూస్తే నిద్ర.

ఇకనుంచి సాంబారు శుభ్రంగా ఉంటుంది.

ఆగస్టు 21

క్లోమం అధ్యాయం. క్లోమంలో చిన్న చిన్న దీవుల్లాంటి కణాలున్నాయి. అవి ఇన్సులిన్ ఇస్తాయి. అది తగ్గితే చక్కెర నెత్తురులో నిలిచిపోయి మూత్రంలోకి దిగుతుంది. దాహం, అలసట. ఇవి రెండూ నాకున్నాయి! ప్రయోగశాలలో తలుపు గడియ వేసుకుని నా మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంతో కాచాను. ఇటుక ఎరుపు! అంటే చక్కెర ఉన్నట్టే. ఇంటికొచ్చి చెంగమ్మను కూర్చోబెట్టి, నేను లేకపోతే పుస్తకం ఎలా పూర్తిచేయాలో చెప్పాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆగస్టు 22

అది ముందురోజు ఫోర్తు ఫారం వాళ్ళు గ్లూకోజు పరీక్ష చేసి కడక్కుండా పెట్టిన గొట్టం. కొత్త గొట్టంలో నీలం అలాగే ఉంది. చెంగమ్మకు చెబితే, "స్వామి దయ," అని మళ్ళీ పడుకుంది.

సెప్టెంబరు 9

పిట్యూటరీ మితిమీరితే పెద్దవాళ్ళలో ముక్కు, దవడ, పాదాలు పెరుగుతాయి. అద్దంలో చూసుకున్నాను. ముక్కు విషయం సందేహంగానే ఉంది. చెప్పులు బిగుతయ్యాయి కూడా. వానకు తడిసి ముడుచుకున్నాయని చెంగమ్మ అభిప్రాయం. శాస్త్రం తెలియని వాళ్ళతో ఇదే చిక్కు.

సెప్టెంబరు 27

బీజకోశాల అధ్యాయం చిత్తు అయింది. దీన్ని భార్య చేత ఎలా సాపు రాయించడం? రెండు రోజులు దాచి పెట్టాను. ఇవాళ చూస్తే అది సాపు అయి నా బల్ల మీద ఉంది. ఒక చోట నేను తప్పు రాసిన లెక్క దిద్ది మరీ ఉంది. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

అక్టోబరు 20

ఊళ్ళో ఎక్కడ చూసినా సరిహద్దు మాటే. తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోవడం ఖాయమంటున్నారు. పోతే నా తెలుగు పుస్తకం నా బడిలోనే పనికిరాకుండా పోతుందేమో. నాడి 90.

ఇంతలో ఇంట్లో ఇంకో వింత. చెంగమ్మ కాటుకతో కనుబొమలు దిద్దుకుంటోంది. రెండు కొసలా పొడుగ్గా. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో! ముఖం కూడా నున్నగా, నిండుగా, తెల్లగా పాలిపోయి ఉంది. కూర్చుని తింటే ఒళ్ళు రాదా? కాటుక ఎందుకని అడిగాను.

"బోసిగా ఉండాయని," అంది.

గుండు చేయించి మూడు నెలలైంది, జుట్టు ఇంకా వేలెడు కూడా రాలేదు. ఆ దిగులు కొద్దీ దృష్టి కనుబొమల మీద పడిందని అక్క అంది. అదే నిజమై ఉంటుంది.

నవంబరు 15

థైరాయిడ్ అధ్యాయం ఇవాళ పూర్తిచేశాను. పుస్తకంలో ఇదే మకుటం అవుతుంది. నచ్చిన భాగం ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను.

'మెడ ముందు భాగంలో, శ్వాసనాళానికి అటూ ఇటూ రెక్కలు చాచినట్టు థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. మన శరీరమనే పొయ్యిలో మంట ఎంత ఉండాలో చెప్పేది ఇదే. దీని రసం ఎక్కువైతే గుండె దడదడలాడుతుంది, కోపం వస్తుంది, మనిషి చిక్కిపోతాడు. తక్కువైతే రోగి ఎండలో కూడా చలి అంటాడు. చేతులు కాళ్ళు బరువెక్కుతాయి. గొంతు బొంగురు పోతుంది. ముఖం ఉబ్బి పాలిపోతుంది. తలవెంట్రుకలు రాలతాయి, కనుబొమల కొసలు ఊడిపోతాయి. ఎంత నిద్రపోయినా చాలదు. నాడి నెమ్మదిస్తుంది. గ్రంథి మందగించిన కొద్దీ పిట్యూటరీ ఇంకా గట్టిగా ఉత్తరువులు పంపుతుంది. కానీ చేయలేని గ్రంథి మీద ఎంత కేకలేసినా ఏం లాభం? ఇంత స్పష్టమైన లక్షణాలున్న రోగాన్ని పూర్వకాలపు వైద్యులు ఎలా పోల్చుకోలేకపోయారో ఆశ్చర్యం కలుగుతుంది.'

ఆఖరి వాక్యం నాకు చాలా నచ్చింది.

సాపు రాయమని ఇచ్చాను. మధ్యాహ్నం బజారునుంచి వచ్చి చూస్తే కాగితం మీద తల వాల్చి నిద్రపోతోంది. గట్టిగా కేకలేశాను. ఏం లాభం?

నవంబరు 16

నాకు దడ, కోపం, చిక్కిపోవడం. మూడూ ఉన్నాయి. నాకు థైరాయిడ్ మితిమీరిందన్న అనుమానం బలపడుతోంది.

నవంబరు 22

డ్రాయింగు మాష్టరు గోపాలన్ బొమ్మలు తెచ్చాడు. మంచివాడు, తిరువళ్ళూరు మనిషి. తెలుగు తడబడుతుంది గానీ చెయ్యి తడబడదు. ఇంగ్లీషు పుస్తకంలోని ఫోటో చూసి థైరాయిడ్ తగ్గిన రోగి ముఖం వేశాడు. చీర కట్టించి, బొట్టు పెట్టి మరీ వేశాడు. నాకు నచ్చలేదు.

"ఇది రోగం ముఖంలా లేదే గోపాలన్. మన ఇళ్ళలో ఉండే ఆడమనిషిలా ఉంది. చదివేవాడికి చూడగానే తెలియొద్దా?"

అప్పుడే చెంగమ్మ కాఫీ తెచ్చింది. గోపాలన్ బొమ్మను చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ బొమ్మను చూశాడు. కాఫీ తాగకుండానే లోటా కింద పెట్టాడు.

"ఇరుక్కట్టుమ్ సార్. ఇట్లనే ఉండనీండి," అన్నాడు చివరికి.

కళాకారులకు తమ బొమ్మ మార్చాలంటే కష్టం. పోనీలే అని ఊరుకున్నాను.

డిసెంబరు 6

చెంగమ్మకు ఇన్నాళ్ళకు శాస్త్రం మీద ఆసక్తి కలిగింది! సాపు రాస్తూ రాస్తూ కలం ఆపి అడిగింది.

"ఈ జబ్బుకు మందుండాదా అండీ?"

"ఉంది. గొర్రె థైరాయిడ్ ఎండబెట్టి మాత్రలు చేస్తారు. బతికినంతకాలం మింగాలి. కింద పేరాలోనే ఉంది, రాస్తే నీకే తెలుస్తుంది."

"మింగకపోతే?"

"మెల్లమెల్లగా మత్తులోకి పోతారు. ఒకనాడు లేపినా లేవరు. చలికాలంలో ఇంకా ముప్పు."

"మార్గళి నెల వస్తా ఉండాది గదా," అంది. మళ్ళీ కలం ముంచుకుని రాయసాగింది. విద్యార్థులు కూడా ఇంత శ్రద్ధగా అడగరు. నాకు చాలా సంతోషమైంది.

డిసెంబరు 12

థైరాయిడ్ అధ్యాయం సాపు పదకొండు పేజీలూ సరిచూసి సంతకాలు పెట్టాను. ఒక్క తప్పు లేదు. పదకొండింటికీ పదిహేను నిమిషాలు పట్టింది. నాకు అనుభవం వచ్చేసింది.

డిసెంబరు 13

చెంగమ్మ రెండుసార్లు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ఏమిటంటే ఏం లేదంది.

డిసెంబరు 19

పొద్దున చెంగమ్మ ఎనిమిదైనా లేవలేదు. అక్క కేకలేసింది. నేను భుజం పట్టుకుని ఊపాను. ఒళ్ళు చల్లగా ఉంది. ముఖాన నీళ్ళు కొట్టాక కళ్ళు తెరిచింది గానీ, నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. కాఫీ లేకుండా బడికి వెళ్ళాల్సి వచ్చింది. మార్గళి చలికి అందరికీ బద్ధకమే. హెడ్మాష్టరు కూడా ఆలస్యంగా వచ్చాడు.

సాయంత్రం దాకా ఏదో భయం పట్టుకుని ఉంది. దేని గురించో తెలియలేదు. ఎడ్రినలే అయ్యుంటుంది.

డిసెంబరు 27

ఇవాళ చెంగమ్మ నా ఎదురుగా కూర్చుని నా మెడవైపే చూడసాగింది.

"ఏమండీ, మీ గొంతు కాడ కొంచెం ఎత్తుగా కనపడతా ఉండాదే. ముందు ఇట్ల లేదు."

అద్దం తెమ్మన్నాను. మింగి చూశాను. నిజమే, ఏదో కదిలింది.

"తిరువళ్ళూరులో రత్నస్వామి అని పెద్ద డాక్టరుండాడంట. గొంతు గ్రంథులు బాగా చూస్తాడంట. గోపాలన్ సార్ చెప్పినాడు. చూపించుకుంటే పోతాది గదా. తోడుకు నేనూ వస్తాను," అంది.

కళ్ళు చెమర్చాయి. ఆరు నెలలుగా ఈ ఇంట్లో నా ఒంటి సంగతి నేనొక్కణ్ణే పట్టించుకుంటున్నానని అనుకున్నాను. ఆమె కూడా గమనిస్తూనే ఉంది! బద్ధకస్తురాలే గానీ మనసు మంచిది. పుస్తకం ప్రతి ప్రెస్సుకు పంపేశాను గనుక తీరిక కూడా ఉంది. సెలవు దొరకగానే వెళదామన్నాను.

1960 జనవరి 9

తిరువళ్ళూరు వెళ్ళివచ్చాం.

పొద్దున బండికి అరక్కోణం, అక్కడ మారి మద్రాసు బండి. అరక్కోణంలో ప్లాట్‌ఫారం దాటడానికి చెంగమ్మకు ఎంతసేపు పట్టిందంటే, రెండో బండి తప్పిపోతుందని టిఫిన్ క్యారియరు కూడా నేనే మోశాను.

రత్నస్వామి డాక్టరుకు యాభై ఏళ్ళుంటాయి. నా కేసు వివరంగా చెప్పాను. జూన్ పద్నాలుగు నుంచి రోజువారీ నాడి రాసుకున్న కాగితం చూపించాను. ఆయన నా మెడ తడిమాడు, మింగమన్నాడు, చేతులు చాపమన్నాడు. ఇదంతా చేస్తూ ఆయన చూపు నా భుజం మీదుగా వెనక్కి పోతోంది. మర్యాద తెలియని డాక్టరనుకున్నాను.

"మాష్టర్, ఉంగళుక్కు ఒణ్ణుమిల్లై. మీకేం జబ్బు లేదు. కాఫీ తగ్గించండి," అన్నాడు. తర్వాత బెంచీ మీద కూర్చున్న చెంగమ్మ దగ్గరికి తానే నడిచి వెళ్ళాడు. "ఏమ్మా, ఎన్నాళ్ళుగా ఇట్ల ఉండాది నీకు?"

"రెండేళ్ళవుతాదయ్యా," అంది చెంగమ్మ. అడుగుతారని ముందే తెలిసినట్టు చెప్పింది.

"చలి?"

"ఎండాకాలంలో కూడా."

తడిగుడ్డ తెప్పించి ఆమె కనుబొమల మీది కాటుక తుడిచాడు. కొసల్లో వెంట్రుక లేదు. రెండు కనుబొమలూ సగంలో ఆగిపోయి ఉన్నాయి. కొంగు కొద్దిగా తీసి తల చూశాడు.

"జుట్టేమైంది?"

"మొక్కు తీర్చినాము."

"ఎప్పుడు?"

"ఆడి కృత్తికకు."

ఆయన నావైపు చూశాడు. ఆర్నెల్లకు అంగుళం జుట్టు. ఇంక ఆమె మణికట్టు పట్టుకుని గడియారం చూశాడు. నిమిషం చాలా పొడుగ్గా గడిచింది.

"నలభై ఎనిమిది. మాష్టర్, మీరు సైన్సు టీచరన్నారు గదా?"

రెండువందల రోజులు నాడి లెక్కపెట్టాను. ఆ రెండువందల రోజులూ ఆమె నాకు రెండు గజాల దూరంలోనే ఉంది.

"ఇంకొక్క చలి ఈయమ్మ తట్టుకునేది కాదు," అన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. మొదట సగం మాత్ర, మూడు వారాల తర్వాత ఒకటి. గుండె నెమ్మదిగా అలవాటుపడాలట. ఆ సంగతి నా పుస్తకంలో నేనే ఎనభై మాటల్లో రాశాను.

జనవరి 10

నాడి చూసుకోలేదు.

జనవరి 18

బడిలో అందరికీ చెప్పాను. నా భార్య గొంతు గ్రంథి విషయంలో నాకు మొదటినుంచీ అనుమానం ఉందనీ, ఆ వంకతోనే తిరువళ్ళూరు తీసుకువెళ్ళాననీ. ఆలోచిస్తే అది నిజమే. నేను థైరాయిడ్ గురించి పుస్తకం రాయకపోతే, నా గొంతు గురించి అంత జాగ్రత్త పడకపోతే, మేము తిరువళ్ళూరు వెళ్ళేవాళ్ళమా? ఎలా చూసినా ఆమెను కాపాడింది నా పరిశీలనే. గోపాలన్ మాత్రం సుద్దముక్కలు ఏరుకుంటూ కూర్చున్నాడు.

ఫిబ్రవరి 5

తై కృత్తిక, మళ్ళీ స్వామి పండుగ. ఇంట్లో నీచు లేదు. పొద్దున చెంగమ్మ మాత్ర నోట్లో వేసుకోబోతుంటే అక్క ఆపింది.

"అది దేంతో చేస్తారు నాయనా?"

నాకు అబద్ధం చేతకాదు. చెప్పాను.

"కృత్తిక నాడు గొర్రె గొంతా! స్వామి కండ్లు పోగొడతాడు!"

చెంగమ్మ మాత్ర మింగి నీళ్ళు తాగి లోటా కింద పెట్టింది. "స్వామికి నా జుట్టు ఇస్తిని వదినా. ఆయన నాకు గొర్రె మాత్ర ఇచ్చినాడు. చెల్లుకు చెల్లు," అంది.

అక్కకు ఎదురు చెప్పడం పదిహేడేళ్ళలో ఇదే మొదలు. ఇది కూడా హార్మోను గుణమేనేమో డాక్టరును అడగాలి.

ఫిబ్రవరి 26

కంబళి మడిచి పెట్టెలో పెట్టేసింది.

మార్చి 11

గొంతులో బొంగురు పోయింది. పోస్టుమాన్ పిలిస్తే లోపల్నుంచి పలికింది. ఆయన నన్ను, "కొత్తగా ఎవురైనా వచ్చినారా సార్?" అని అడిగాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు. ఆ గొంతు ఎలా ఉండేదో నేనూ మరిచిపోయాను. రెండేళ్ళ కిందటి చెంగమ్మ ఇప్పుడు నట్టింట్లో తిరుగుతుంటే, మధ్యలో ఇక్కడ ఉన్నదెవరా అనిపిస్తోంది.

మార్చి 20

మెట్లు ఎక్కింది. మూడువందల అరవై అయిదూ. పైన నా కోసం ఆగింది.

ఏప్రిల్ 1

ఇవాళ్టినుంచి తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో ఉంది. నిన్నటిదాకా పక్క రాష్ట్రం డాక్టరైన రత్నస్వామి ఇవాళ మా రాష్ట్రం డాక్టరయ్యాడు. బడిలో తెలుగు సెక్షను ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు. నా పుస్తకం ఆంధ్రలో అచ్చయి, ఆంధ్ర పిల్లలు చదువుతారు. దాని రచయిత మాత్రం వాళ్ళ రాష్ట్రంలో లేడు. నాకు దిగులుగా ఉంది. చెంగమ్మ పొద్దున్నే మాత్ర మింగి, పొరుగింటి వళ్ళియమ్మతో తమిళంలో వాదులాడుతోంది. పోయినేడు ఆమెకు మాట పూర్తిచేసే ఓపిక కూడా ఉండేది కాదు.

ఏప్రిల్ 17

ప్రూఫులు వచ్చాయి. వాటితోపాటు మా సాపు ప్రతి కూడా తిప్పి పంపాడు. ప్రెస్సాయన ఉత్తరం కూడా ఉంది.

'అరవై రెండో పేజీ ఆఖరి వాక్యం చదివి నేను కంపోజింగు ఆపించి ఇంటికి పోయాను. మా తల్లి రెండేళ్ళుగా మూల పడుకుని ఉంటుంది, వయసు మీద పడిందనుకున్నాము. వేలూరు తీసుకుపోయి చూపించాము, ఇదే జబ్బు అన్నారు. ఆ ఒక్క వాక్యం రాసినందుకు తమకు ఎన్నిసార్లు నమస్కారం పెట్టినా తక్కువే.'

గర్వంగా తెరిచాను. పూర్వకాలపు వైద్యుల వాక్యమే అయ్యుంటుంది. ఉంది. కానీ అది ఆఖరి వాక్యం కాదు. దాని తర్వాత ఇంకొకటి ఉంది.

'ఈ లక్షణాలు ఒకటొకటిగా, నెమ్మదిగా వస్తాయి గనుక, రోగితో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు వీటిని బద్ధకమనీ వేషమనీ అనుకుంటారు.'

చిత్తు ప్రతి తీసి చూశాను. అందులో లేదు. సాపు ప్రతి తీశాను. ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. దాని కిందే నా చేతిరాత. 'సరిచూశాను – జ. 12-12-59.'

చెంగమ్మను పిలిచాను. చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"ఇది నేను రాయలేదే?"

"లేదు. నేను రాసినాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పేదానికే గదా రాసింది," అంది. గొంతులో కోపం లేదు. "రాస్తా ఉంటేనే తెలిసిపోయింది, ఇది నా కథే అని. నోటితో చెప్తే మళ్ళా వేషమంటారేమోనని బయపడినాను. మీరు ప్రతి పేజీ చదివే సంతకం పెడతారు గదా, కాయితం మీద చూస్తే నమ్ముతారని దాంట్లో పెట్టినాను. సంతకం పెట్టేసినారు. మర్నాడు మీ బల్ల కాడికి రెండు తూర్లు వచ్చి నిలబడినాను, ఏమన్నా అంటారేమోనని. అప్పుడు తెలిసింది, మీరు చదవలేదని."

"మరి నా గొంతు?"

"మీ గొంతుకేం? మీది బాగానే ఉండాది. నా గొంతంటే ఎప్పుడో చూస్తాములే అంటారు. మీ గొంతంటే మొదటి బండికే పోతారు." ప్రూఫు కాగితాలు సర్ది పెట్టింది. "మార్గళి గదండీ. నాకు టైము లేదు."

చారు పొంగుతోందని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ డైరీ మొదటినుంచీ చదివాను. జూన్‌లో చెయ్యి, గొంతు. జూలైలో చలి, జుట్టు, మెట్లు. అక్టోబరులో కనుబొమలు. ఏ డాక్టరూ ఇంత శ్రద్ధగా తారీకులతో కేసు రాసుకుని ఉండడు. అన్నీ నా చేత్తోనే రాసుకున్నాను. చదివిందీ, పోల్చుకుందీ ఆమె. చాలా సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది, డిసెంబరు పంతొమ్మిది పొద్దున చల్లగా తగిలిన ఆ భుజం ఇప్పుడు గుర్తొచ్చి. ఆ రోజు ఆమె లేవకపోయి ఉంటే నేను ఇదే డైరీలో కాఫీ సంగతే రాసుకునేవాణ్ణి.

ప్రెస్సాయనకు జవాబు రాశాను. ఆ వాక్యం నాది కాదనీ, నమస్కారం చెంగమ్మ పేరిట పెట్టాలనీ, లోపలి పేజీలో ఆమె పేరు కూడా వేయాలనీ.

తర్వాత అరవై రెండో పేజీ ప్రూఫు తీసుకుని మొదటినుంచీ ఆఖరు దాకా నెమ్మదిగా, వేలు పెట్టుకుని, రెండుసార్లు చదివాను. అడుగున 'సరిచూశాను' అని సంతకం పెట్టాను. ఈసారి చదివే పెట్టాను.